పాడెకు నాలుగో మనిషి

రాయచూరులో బండెక్కి ముంబయి వైపు వెళ్లే తెలుగువాళ్లలో కేడ్‌గావ్ పేరు గుర్తున్నవాళ్లు తక్కువ. షోలాపూర్ దాటి, దౌండ్ దాటి, ఇక పుణె వచ్చేస్తోందనగా వచ్చే చిన్న స్టేషన్ అది. సామాన్లు సర్దుకునే హడావుడిలో ఎవరూ కిటికీలోంచి చూడరు. కానీ ఈ రెండు ఊళ్లనూ కలిపే ఒక ఆడమనిషి కథ ఉంది. రాయచూరులో ఆమె తల్లి తిండిలేక కన్నుమూసింది. కేడ్‌గావ్‌లో ఆమె, తిండిలేక చావబోతున్న ఆడపిల్లలను రెండు వేల మంది దాకా చేరదీసి అన్నం పెట్టారు. ఆమె పండిత రమాబాయి.

మధ్యలో ఆమె క్రైస్తవం పుచ్చుకున్నారు. దాంతో లాభపడిందని తిట్టినవాళ్లున్నారు, తరించిందని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ నమ్మకాన్ని పట్టుకుని బతకడానికి ఆమె ఏమేం పోగొట్టుకున్నారన్నది మాత్రం ఇద్దరూ అంతగా పట్టించుకోలేదు.

అడవిలో పుట్టిన పిల్ల

తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే కార్కళ ప్రాంతపు చిత్పావన బ్రాహ్మణుడు. పుణెలో సంస్కృతం చదువుకుంటున్న రోజుల్లో తన గురువు పీష్వా రాణికి పాఠం చెప్పడం చూశాడు. ఆడవాళ్లూ సంస్కృతం నేర్వచ్చన్న మాట అప్పుడే మనసులో నాటుకుంది. మొదటి భార్యకు నేర్పబోతే ఇంట్లో పెద్దవాళ్లు పడనివ్వలేదు. ఆమె పోయాక, నలభై నాలుగేళ్ల వయసులో, తీర్థయాత్రలో ఒక బ్రాహ్మణుడు తన తొమ్మిదేళ్ల కూతురిని ఇచ్చి పెళ్లి చేశాడు. ఆ రోజుల్లో అది వింత కాదు. వింత ఏమిటంటే, ఆ చిన్నపిల్ల లక్ష్మీబాయిని కూర్చోబెట్టి ఆయన కావ్యాలు, పురాణాలు నేర్పించాడు. ఊళ్లో గోల లేచింది. ఉడుపిలో పండితుల సభ పెట్టి సంజాయిషీ అడిగారు. ఆయన శాస్త్రాల నుంచే ఆధారాలు తీసి చూపించి, నోళ్లు మూయించి వచ్చాడు. ఆ తర్వాత ఈ ఊళ్ల గొడవే వద్దని పశ్చిమ కనుమల్లో గంగామూల అడవికి వెళ్లి ఇల్లు కట్టుకున్నాడు.

1858 ఏప్రిల్ 23న రమాబాయి అక్కడే పుట్టింది. ఆశ్రమానికి వచ్చేపోయేవాళ్లకు పెట్టీ పెట్టీ ఆస్తి కరిగిపోయింది. పిల్లకు ఆరు నెలలు నిండేసరికే కుటుంబం దేశం మీద పడింది. వెదురుబుట్టలో పసిపిల్లను పెట్టి, ఆ బుట్టను మనిషి తల మీద పెట్టుకుని కొండ దించాడు. అక్కడి నుంచి మొదలైన నడక పదహారేళ్లు ఆగలేదు. గుళ్లలో, నదీతీరాల్లో కూర్చుని పురాణం చదవడం, విన్నవాళ్లు ఇచ్చిన బియ్యమో పప్పో బట్టో తీసుకోవడం, మళ్లీ ఇంకో క్షేత్రానికి కదలడం. బడి లేదు, తల్లే బడి. దారి నడుస్తూ, వంట చేస్తూ, తెల్లవారుజామున లేపి శ్లోకాలు చెప్పించేది. పన్నెండేళ్లకే ఆ పిల్లకు భాగవతం నుంచి వేల శ్లోకాలు నోటికి వచ్చు.

తిరుపతి అడవిలో పదకొండు రోజులు

1870ల్లో మద్రాసు రాజధానిలో కరువు పడింది. తెలుగు పల్లెల్లో పెద్దవాళ్లు తరతరాలుగా చెప్పుకున్న ధాతకరువుకు ముందు నుంచే వానలు మొండికేశాయి. జనానికే గింజ లేనప్పుడు పురాణం విని బియ్యం పోసేదెవరు? అనంతశాస్త్రి కుటుంబానికి చేతిపని ఏదీ రాదు. కూలికి వెళ్లడం, అడుక్కోవడం పరువు తక్కువ. ఉన్న నగలు, వెండి, చివరికి ఇత్తడి రాగి గిన్నెలు కూడా అమ్ముకున్నారు. అందులోనూ కొంత దేవుళ్లకు, బ్రాహ్మణ దానాలకే పెట్టారు. దేవుడు కరుణిస్తాడని ఎదురుచూశారు.

ఆఖరి బియ్యపుగింజ అయిపోయిన రోజు వాళ్లు తిరుపతిలో ఉన్నారు. తెలిసినవాళ్ల మధ్య పేదరికంతో సిగ్గుపడి చావడం కంటే అడవిలో చావడం మేలని ఐదుగురూ కూర్చుని తీర్మానించుకున్నారు. ఆ రాత్రే అడవిలోకి వెళ్లిపోయారు. పదకొండు రోజులు నీళ్లు, ఆకులు, గుప్పెడు ఈతపళ్లతో గడిచాయి. కళ్లు కనపడని ముసలి తండ్రి ఇక తట్టుకోలేక పుణ్యతీర్థంలో మునిగి ప్రాణం తీసుకుంటానన్నాడు. ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి చివరి మాటలు చెప్పాడు. చిన్నదైన రమను దగ్గరకు తీసుకుని, ధర్మం తప్పొద్దని, బతికినన్నాళ్లూ దేవుడి సేవ చెయ్యమని చెప్పాడు. ఆ మాట ఆమె చచ్చేదాకా మరిచిపోలేదు. అయితే ఆ దేవుడెవరన్న దగ్గరే తర్వాత ఆమె దారి మారింది.

అన్న శ్రీనివాస్ అడ్డుపడ్డాడు. కులం పరువు పక్కన పెట్టి కూలి చేసైనా పోషిస్తానన్నాడు. తండ్రి తీర్థంలో దూకలేదు గానీ, శరీరంలో ఇక ఏమీ మిగల్లేదు. 1874 జులైలో జ్వరంతో పోయాడు. మిగిలిన నలుగురు నడుచుకుంటూ ఉత్తరంగా కదిలారు. తల్లిని రాయచూరు దాటించలేకపోయారు. ఆమె అక్కడ మంచాన పడి, ఆకలికి మాట తప్పి పలవరించసాగింది. ఒక రోజు కాస్త రొట్టె కావాలని తల్లి అడిగితే రమ ఒక బ్రాహ్మణ ఇంటి ముందుకు వెళ్లి నిలబడింది. వేల శ్లోకాలు గుక్కతిప్పకుండా చెప్పే నోటికి అడగడానికి మాట రాలేదు. ఆ ఇల్లాలే అర్థం చేసుకుని సజ్జరొట్టె ముక్క ఇచ్చింది. తెచ్చి నోట్లో పెడితే తల్లి మింగలేకపోయింది.

ఆమె పోయాక పాడె మోయడానికి మనుషులు దొరకలేదు. మనవాళ్లలో ఎంత పగవాడైనా చచ్చినప్పుడు నలుగురు వస్తారంటారు. అక్కడ ఇద్దరే వచ్చారు. మూడోవాడు అన్న. నాలుగో మనిషిగా పదహారేళ్ల రమ వెళ్లింది. పొట్టి పిల్ల, మిగతావాళ్ల భుజాల ఎత్తుకు అందక తన వంతును తల మీద పెట్టుకుని మోసింది. శ్మశానం మూడు మైళ్ల దూరం.

కొన్నాళ్లకు అక్కను కలరా తీసుకుపోయింది. అన్నా చెల్లెలూ మిగిలారు.

సరస్వతి బిరుదు, కుర్చీల ప్రార్థన

ఇద్దరూ దేశమంతా వేల మైళ్లు నడిచారు. 1878లో కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ల ఆడపిల్ల సంస్కృతంలో తడుముకోకుండా మాట్లాడుతుంటే పండితులు పరీక్షించి చూశారు. పండిత, సరస్వతి అని బిరుదులిచ్చారు. ఒక్కరోజులో పేరు దేశమంతా పాకింది.

క్రైస్తవుల ప్రార్థనను ఆమె మొదటిసారి చూసింది ఆ ఊళ్లోనే. అందరూ కుర్చీల వైపు తిరిగి మోకాళ్లూని కళ్లు మూసుకుంటే, వీళ్లు కుర్చీలకు మొక్కుతున్నారు కాబోలని అన్నాచెల్లెళ్లు అనుకున్నారట. చేతికి సంస్కృత బైబిల్ ఇచ్చారు. చదివితే తలకెక్కలేదు. అప్పటికి ఆ కథ అంతే.

కేశవచంద్ర సేన్ ఆమె చేతికి వేదం ఇచ్చి చదవమన్నారు. ధర్మశాస్త్రాలూ చదివారు. చదివినకొద్దీ ఒక ముల్లు గుచ్చుకోవడం మొదలైంది. ఆడదానికి, శూద్రుడికి సొంతంగా మోక్షం లేదన్న మాట ఆ గ్రంథాలన్నిటిలో ఏదో ఒక రూపంలో ఆమెకు కనపడుతూనే వచ్చింది. తన తల్లి ఏ పాపం చేసిందని అలా పోయిందో ఏ పుస్తకమూ చెప్పలేదు.

1880 మే నెలలో అన్న ఢాకాలో చనిపోయాడు. అదే ఏడాది ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. ఆయన బ్రాహ్మణుడు కాదు, కాయస్థుడు. రెండు వైపులా కులం తలుపులు మూసుకున్నాయి. 1881 ఏప్రిల్‌లో మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరా వచ్చి భర్త పోయాడు. పెళ్లై రెండేళ్లు కూడా నిండలేదు. ఆయన పుస్తకాల బీరువాలో దొరికిన లూకా సువార్తను ఆమె అప్పటికే చదివి ఉన్నారు. భార్య ఆ మతం వైపు మొగ్గడం ఆయనకు బొత్తిగా నచ్చేది కాదు.

రాజమండ్రిలో వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. ఆ కాలంలో భర్తపోయిన ఆడదాని బతుకు ఎలాంటిదో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇరవై మూడేళ్లకే ఆ పేరు రమాబాయి నుదుట పడింది. చంకలో పసిపిల్లతో ఆమె పుణె వెళ్లారు.

పుణె ఆమెను నెత్తిన పెట్టుకుంది. రనడే, భండార్కర్ లాంటి పెద్దలు వెన్నంటి నిలిచారు. ఆర్య మహిళా సమాజం పెట్టారు. రనడేగారి భార్య పేరు కూడా రమాబాయే. ఇద్దరు రమాబాయిలూ ఒక మిషనరీ టీచరు దగ్గర కలిసి ఇంగ్లీషు నేర్చుకున్నారు. 1882లో హంటర్ విద్యా కమిషన్ ముందు నిలబడి మన ఆడవాళ్లకు ఆడ డాక్టర్లు కావాలి, ఆడ టీచర్లు కావాలని ఆమె గట్టిగా చెప్పారు. తనే డాక్టరు చదవాలనుకున్నారు. స్త్రీధర్మనీతి అని మరాఠీలో ఒక పుస్తకం రాసి, అది అమ్మగా వచ్చిన డబ్బుతో 1883లో ఇంగ్లండు ఓడ ఎక్కారు. వెళ్లేముందు, క్రైస్తవంలో మాత్రం కలవనని పుణె వాళ్లకు మాటిచ్చారు.

వాంటేజ్‌లో ఒక చావు

వాంటేజ్ ఊళ్లో ఆంగ్లికన్ సన్యాసినుల మఠంలో దిగారు. కూడా ఆనందీబాయి భగత్ అనే స్నేహితురాలు వెళ్లింది. ఆ అమ్మాయికి ఒకటే భయం, తమను బలవంతంగా క్రైస్తవుల్లో కలిపేస్తారేమోనని. ఆ భయం ముదిరి మతి చలించింది. ఒక రాత్రి రమాబాయి గొంతు నులమబోయింది, మతం మారకుండా ఇలాగైనా కాపాడదామని. అది కాలేదు. తర్వాత తనే విషం తాగి చనిపోయింది. ఆ దెబ్బకు రమాబాయి ఎంత బెదిరిపోయారంటే, ఆక్స్‌ఫర్డ్‌లో మాక్స్ ముల్లర్ ఇంట్లో ఉన్నప్పుడు రాత్రిళ్లు ఒక పనిమనిషి ఆమె గదిలో పడుకోవాల్సి వచ్చేది. ఈ సంగతి ముల్లరే రాసిపెట్టారు.

అంత జరిగినా, 1883 సెప్టెంబరు 29న రమాబాయి, రెండేళ్ల మనోరమ బాప్తిస్మం తీసుకున్నారు.

ఎందుకు అన్నదానికి ఆమె తర్వాత చెప్పిన కారణాల్లో ఒకటి లండన్ దగ్గర ఫుల్‌హామ్‌లో చూసిన ఒక ఇల్లు. చెడిపోయారని సమాజం వెలేసిన ఆడవాళ్లను అక్కడి సన్యాసినులు కడుపులో పెట్టుకుని చూస్తున్నారు. మన దగ్గర అలాంటివాళ్లను కుక్కలకు వదిలెయ్యమన్న శాస్త్రమే తప్ప, దగ్గరికి తీసిన చోటు ఆమె చూడలేదు. వీళ్లకు ఈ జాలి ఎక్కడిదని అడిగితే, బావి దగ్గర సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన కథ చెప్పారు. పుణెలో ఉన్న నెహెమ్యా గోరే అనే మరాఠీ బ్రాహ్మణ క్రైస్తవుడి రాతలు కూడా ఆమెను ఒప్పించాయి. అంటే ఆమెను దొరలు లాగేశారన్న మాట సగమే నిజం.

పుణె భగ్గుమంది. వాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. మాట ఇచ్చి తప్పింది కదా. మన సరస్వతి అని ఊరేగించిన మనిషి పరాయిదైపోయింది. జోతిబా ఫూలే ఒకరు మాత్రం 1885లో సత్సార్ పత్రికలో ఆమె పక్షాన గట్టిగా రాశారు.

ఇక అటువైపు సుఖమా అంటే అదీ లేదు. అసలు రమాబాయి కథలో జనం ఎక్కువగా చెప్పుకోని భాగం ఇది. సిస్టర్ జెరాల్డీన్ ఆమెకు జ్ఞానమాత. ప్రేమ ఉంది, పెత్తనమూ ఉంది. రమాబాయి మాంసం ముట్టరు, గుడ్డు కలిసిన పిండివంట కూడా తినరు. దేవుడు మారితే నాలుక మారాలా అన్నది ఆమె వైఖరి. మఠం వాళ్లకు అది ఇంకా పోని పాత కులాహంకారంలా కనపడింది. లాటిన్ మాటలు చెక్కిన శిలువ వేసుకోమంటే, నా దేశపు ఆడవాళ్లకు అర్థంకాని ఆ భాష ఎందుకు, సంస్కృతంలో ఉంటే సరిపోదా అన్నారు. త్రిత్వం సంగతి బైబిల్లో చూపించమని వాదించారు. చెల్టెన్‌హామ్ మహిళా కాలేజీలో చదువుకుంటూ సంస్కృతం చెబుతున్నప్పుడు, ఇండియా వెళ్లబోయే ఇంగ్లీషు కుర్రాళ్లకు పాఠం చెప్పే అవకాశం వచ్చింది. ఆడది మగవాళ్లకు చెబితే ఇండియాలో పరువు పోతుందని ఇండియాలో పనిచేసిన బిషప్పులు వద్దన్నారు. కలకత్తా పండితుల సభల్లో మగవాళ్ల ముందు నిలబడి మాట్లాడి బిరుదు పొందిన మనిషికి ఈ మాట! ఒక పురోహితుల కాడి దింపుకున్నది ఇంకో పురోహితుల కాడి మెడకెత్తుకోవడానికి కాదని ఆమె తేల్చి చెప్పేశారు. చర్చి నమ్మకం లేనిదని ఆమెను అనుమానించింది. ఇక్కడ పుణె ఆమెను ద్రోహి అంది. ఇరవై అయిదేళ్లకే రెండు ఊళ్లూ పోయాయి.

పైగా చెవులు. అప్పటికే వినికిడి తగ్గిపోతూ వచ్చింది. డాక్టరు చదువు ఇక కుదరదని తేలిపోయింది. ఏ చదువు కోసం సముద్రం దాటారో అదే దక్కలేదు.

1886లో దూరపు బంధువు ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో డాక్టరు పట్టా తీసుకుంటుంటే చూడడానికి అమెరికా వెళ్లారు. మూడేళ్ల దాకా అక్కడే ఊరూరా తిరిగి మాట్లాడారు. మన అగ్రకుల స్త్రీల బతుకు గురించి ఇంగ్లీషులో పుస్తకం రాశారు. వితంతువులకు బడి పెడితే పదేళ్లు ఖర్చు భరిస్తామని 1887లో బోస్టన్‌లో రమాబాయి అసోసియేషన్ ఏర్పడింది. ఆ బడిలో మతం బోధించకూడదన్నది షరతు. ఆమె ఒప్పుకున్నారు.

తెరిచి ఉన్న తలుపు

1889 మార్చి 11న ముంబయి చౌపాటీలో ఇద్దరు పిల్లలతో శారదా సదన్ మొదలైంది. మరుసటి ఏడాది పుణెకు మారింది. ఇక్కడ వితంతువులకు గుండు చేయించరు. బ్రాహ్మణ పిల్లలకు వేరే వంట. పూజలు, ఉపవాసాలు ఎవరివి వాళ్లవి. రనడే, భండార్కర్ మళ్లీ వచ్చి సలహా సంఘంలో కూర్చున్నారు. పాత గాయం మానుతున్నట్టే కనపడింది. మొదటి విద్యార్థినుల్లో ఒకరైన గోదూబాయిని 1893లో ధోండో కేశవ్ కర్వే పెళ్లి చేసుకున్నారు. వితంతు విద్యకు జీవితమంతా ధారపోసి 1958లో భారతరత్న అందుకున్న కర్వే ఆయనే.

గొడవ ఒక తలుపు దగ్గర వచ్చింది.

రమాబాయి రోజూ పొద్దున్నే తన గదిలో కూతురితో కలిసి ప్రార్థన చేసుకునేవారు. తలుపు తీసే ఉండేది. ఆడుకుంటూ వచ్చిన పిల్లలు గుమ్మంలో నిలబడేవాళ్లు. కొందరు లోపలికొచ్చి కూర్చునేవాళ్లు. ఆమె రమ్మనలేదు, పొమ్మనా లేదు. సంగతి ఊళ్లో పాకింది. తిలక్ కేసరి పత్రిక విరుచుకుపడింది. సలహా సంఘం పెద్దలు ఆమెను కూర్చోబెట్టి చెప్పారు. తలుపు మూసుకుని ప్రార్థన చేసుకుంటే అందరికీ క్షేమం అన్నారు. అడిగింది ఎంత చిన్న కోరిక! ఒక గడియ పెడితే చాలు. సంస్థ నిలుస్తుంది, స్నేహాలు నిలుస్తాయి, పిల్లల చదువు నిలుస్తుంది. లోకజ్ఞానం ఉన్న ఎవరైనా గడియ పెట్టేవారు.

ఆమె పెట్టలేదు. ఎవరికీ మతం బోధించనన్న మాటకు కట్టుబడతాను, కానీ నా ఇంట్లో నా దేవుణ్ని దొంగచాటుగా మొక్కనన్నారు. హిందూ పిల్లలకు వాళ్ల పూజ చేసుకునే స్వేచ్ఛ ఎంత ఉందో తనకూ అంతే ఉందన్నది ఆమె వాదన.

1893 ఆగస్టులో సలహా సంఘం రాజీనామా చేసింది. పాతిక మంది దాకా పిల్లలను ఇళ్లవాళ్లు వచ్చి తీసుకుపోయారు. అందులో కొందరు ఏ ఇళ్లకు వెళుతున్నారో ఆమెకు బాగా తెలుసు. గుండు, ఒంటిపూట తిండి, వంటింటి మూల. తన పట్టుదలకు శిక్ష ఆ పిల్లలకు పడింది. ఈ లెక్క ఎవరు ఎలా వేసినా సరిపోదు. రనడే వైపు నుంచి చూస్తే తల్లిదండ్రుల నమ్మకం ముఖ్యం, అదీ తప్పు కాదు. బోస్టన్ వాళ్లు ఆమె వైపే నిలబడ్డారు గానీ, సొంత మరాఠీ సమాజంతో ఆ తర్వాత చుట్టరికం మళ్లీ అతకలేదు. 1895లో కొందరు పిల్లలు బాప్తిస్మం తీసుకోవడంతో మిగిలిన నూలుపోగు కూడా తెగింది. అనుమానించినవాళ్లు చూశారా అన్నారు. కర్వే పుణెలో హిందూ వితంతువులకు వేరే ఆశ్రమం పెట్టింది కూడా ఈ అనుభవం తర్వాతే.

మళ్లీ కరువు

బోస్టన్ సాయం పదేళ్లకే. ఆ తర్వాత సొంత కాళ్ల మీద నిలబడాలని కేడ్‌గావ్‌లో వంద ఎకరాల బీడు కొన్నారు. పళ్లతోట వేశారు. అంతలో 1896లో మధ్యపరగణాల్లో కరువు. ఆమె వెళ్లి చూశారు. కరువు శిబిరాల్లో ఎముకలగూళ్లలాంటి ఆడపిల్లలు. ఆ పిల్లల కోసం తిరిగే తార్పుడుగాళ్లు. ఇరవై ఏళ్ల కిందట తిరుపతి అడవిలో ఆకులు నమిలిన మనిషి వెనక్కి తిరిగి రాగలదా? మూడొందల మందిని వెంటబెట్టుకొచ్చారు. పుణెలో ప్లేగు ఆంక్షల వల్ల అంతమందిని ఉంచే వీల్లేకపోతే కేడ్‌గావ్ బీడులో డేరాలు వేశారు. అదే ముక్తి. 1900లో గుజరాత్ కరువు వచ్చేసరికి లెక్క రెండు వేలకు చేరువైంది. నేత, నూనె గానుగ, పాడి, కుట్టుపని, అచ్చాపీసు అన్నీ ఆడవాళ్లే నడిపారు. తల్లి చేతికి పని రాక, పరువుకు పోయి చనిపోయిన ఇంటి బిడ్డ, పని రాని ఆడపిల్ల ఉండకూడదన్న పట్టు పట్టారు. అంధులకు బ్రెయిలీ కూడా నేర్పారు.

దొరలకు అమ్ముడుపోయిందన్న నింద ఆమెను వదల్లేదు. కానీ 1897లో పుణె ప్లేగు ఆస్పత్రుల్లో ఆడవాళ్ల గతి ఎంత అధ్వానంగా ఉందో బొంబాయి పత్రికలో రాసి గవర్నరు ప్రభుత్వాన్ని నిలదీసింది ఈమే. ఆ గొడవ లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది. తెల్లచీర, ముతక నేత, శాకాహారం చివరిదాకా మారలేదు. ముక్తిని ఏ ఒక్క చర్చి శాఖకూ పరిమితం చెయ్యలేదు.

కూతురు

అన్నిటికంటే ఎక్కువ ఖర్చు మనోరమ విషయంలోనే. ఎప్పుడో ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే తల్లి అమెరికాలో తిరుగుతుంటే వాంటేజ్ సన్యాసినుల దగ్గర పెరిగింది. పిల్లను ఎలా పెంచాలన్న దాని మీద తల్లికి, జెరాల్డీన్‌కు మధ్య నలిగిపోయింది. తర్వాత చదువుకని మళ్లీ ఇంగ్లండు, అక్కడి నుంచి అమెరికా. వేలమంది పిల్లలకు అమ్మ అయిన మనిషి దగ్గర సొంత పిల్ల ఉన్న ఏళ్లు తక్కువే. అయినా మనోరమ చదువుకుని తిరిగొచ్చి తల్లికి కుడిభుజమైంది. 1912లో నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో బడి పెట్టడంలో ఆమె తల్లికి తోడు నిలిచింది. అప్పట్లో గుల్బర్గా ఆడపిల్లలకు బడి అంటే ఏమిటో ఇవాళ కలబురగిలో ఉంటున్న తెలుగు ఇళ్లలో ముసలమ్మలు విన్న కబుర్లను బట్టి ఊహించుకోవచ్చు. తన తర్వాత ముక్తి మనోరమదే అని రమాబాయి అనుకున్నారు.

1921 జులై 24న మిరజ్ ఆస్పత్రిలో మనోరమ పోయింది. నలభై ఏళ్లు. తండ్రి, తల్లి, అక్క, అన్న, భర్త, ఇప్పుడు కూతురు. ఆ ఇంట్లో ఆఖరి మనిషిగా రమాబాయి ఒక్కరే మిగిలారు.

అప్పటికి ఆమె చేతిలో ఒక పని సగంలో ఉంది. చాలా ఏళ్ల కిందటే బైబిల్‌ను చదువురాని ఆడవాళ్లకు కూడా అర్థమయ్యే వాడుక మరాఠీలోకి తేవాలని కూర్చున్నారు. పండితులు రాసిన బైబిల్ పల్లెటూరి పిల్లలకు తలకెక్కదని ఆమెకు తెలుసు. కలకత్తాలో తనకే సంస్కృత బైబిల్ అర్థం కాలేదు కదా. ఆ పని కోసం యాభై ఏళ్లకు దగ్గరపడ్డాక హీబ్రూ, గ్రీకు మొదలుపెట్టి నేర్చుకున్నారు. కూతురు పోయాక కూడా మంచం పక్కన ప్రూఫులు పెట్టుకుని దిద్దుతూనే వచ్చారు. చెవులు పూర్తిగా మూసుకుపోయాయి, ఒంట్లో సత్తువ లేదు.

1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు, అరవై నాలుగో ఏడు నిండకుండానే. అనువాదం అప్పటికి పూర్తయింది. శిలువ దగ్గర, గుడ్డు దగ్గర ఆమెతో పేచీ పెట్టుకున్న ఇంగ్లండు చర్చి ఇప్పుడు ఏటా ఏప్రిల్ 30న ఆమెను స్మరించుకుంటుంది. మన తపాలా శాఖ 1989లో బిళ్ల వేసింది. కేడ్‌గావ్‌లో ముక్తి ఇంకా నడుస్తోంది.

ఆ మరాఠీ బైబిల్ 1924లో బయటికొచ్చింది. అచ్చువేసింది ముక్తి అచ్చాపీసులోనే, ముక్తి ఆడవాళ్లే.